సూదికి టేపు చుట్టిన శాస్త్రం

ఆక్యుపంక్చర్ సూదిలో ఇన్ని శతాబ్దాలుగా ఒక ఘోరమైన లోపం ఉండిపోయిందని నాకు కిందటి వేసవిలో ఒక ఆదివారం పొద్దున తెలిసింది. తెలియజేసినది దినపత్రిక మడతలోంచి జారి కాఫీ గ్లాసు పక్కన పడిన కరపత్రం. దానికి ఒకవైపు పట్టుచీరల మీద ఆషాఢం తగ్గింపు, రెండోవైపు "మెరుగుపరచిన సూది చికిత్స". మామూలు సూదిలో శక్తి దారిలోనే వృథా అయిపోతోందట. అందుకని సూది పిడికీ, అది చర్మంలో దిగిన చోటికీ కలిపి విద్యుద్వాహక అంటుటేపు చుట్టి, ఆ టేపు కొసను తీగతో భూమికి కలుపుతారట. మోకాళ్ళ నొప్పులు, మధుమేహం, నిద్రలేమి, పిల్లల్లో చదువు మీద అశ్రద్ధ, అన్నీ ఆ తీగ వెంట దిగిపోతాయట. మొన్నటిదాకా టేపు లేని సూదులు గుచ్చి పుచ్చుకున్న డబ్బు సంగతి మాత్రం కరపత్రంలో ఎక్కడా లేదు.

ఇంతటి ఆవిష్కరణను వెక్కిరించడం తేలిక. బాధ్యతగల వ్యాసకర్త ముందు టేపుకు దక్కవలసిన గౌరవం టేపుకు ఇవ్వాలి. అది పలుచని రాగిరేకు. దాని అడుగున ఉండే జిగురులో సన్నని లోహపు రేణువులు, తరచుగా నికెల్ రేణువులు, కలిపి ఉంటాయి కనుక జిగురు గుండా కూడా కరెంటు పోతుంది. ఎలక్ట్రానిక్ పరికరాల లోపల తరంగాల గోల బయటకు పొక్కకుండా అడ్డుకట్టగా దీన్ని అంటిస్తారు. గిటారు పొట్టలో అంటిస్తారు. నత్తలు ఎక్కకుండా పూలకుండీల అంచులకు అంటించేవారూ ఉన్నారు. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే "ఎంత వెడల్పు?" అని తప్ప "ఏ జబ్బు?" అని అడగరు.

ఇక సూది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన, పావు మిల్లీమీటరు మందం, నాలుగు సెంటీమీటర్ల పొడవు ఉన్న మామూలు సూది విద్యుత్తుకు ఎంత అడ్డుపడుతుందో పదో తరగతి సూత్రంతో లెక్క కట్టవచ్చు. నేను కట్టాను, ఇంచుమించు 0.6 ఓమ్‌లు వచ్చింది. అంటే లేనట్టే. మన దేహంలో అసలు అడ్డుగోడ ఎండిన పైచర్మం. దాని నిరోధం వేల నుంచి లక్ష ఓమ్‌ల దాకా పోతుంది. ఆ గోడను సూది గుచ్చుకున్న క్షణంలోనే దాటేసింది. ఆపైన పిడికి రాగిరేకు చుట్టి ఆ అర ఓమ్ కష్టాన్ని తీర్చడమంటే, మూసీ వంతెన మీద గంటసేపు బండ్లు కదలకపోతే కారు తలుపు గొళ్ళేనికి నూనె పోసినట్టు.

కరెంటుతో కూడిన ఆక్యుపంక్చర్ లేకపోలేదు. చైనాలో 1950ల నుంచీ సూదులకు మొసలినోటి క్లిప్పులు తగిలించి, చిన్న యంత్రంతో సెకనుకు 2 సార్లో 100 సార్లో తుళ్ళే కరెంటు పంపుతున్నారు. దాని ఫలితం మీద ఎవరి వాదన ఎలా ఉన్నా, అక్కడ ఒక బ్యాటరీ ఉంది, అందులోంచి కరెంటు నిజంగా వస్తుంది. మన కరపత్రంలో బ్యాటరీ లేదు. ప్రవహించవలసినదేమిటో తెలియదు, అది ఉందో లేదో ఏ మీటరూ చెప్పలేదు, దాని వాహకం మాత్రం రాగితో తయారై వచ్చేసింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరుకున్నారు. వీళ్ళు సోమలింగానికి ఉయ్యాల కొని, దానికి ఎర్తింగ్ కూడా ఇప్పించారు.

నేను ఇంతటితో కరపత్రాన్ని చెత్తబుట్టలో వేయవలసింది. మా మేనత్త దాన్ని చదివింది. ఆవిడకు పన్నెండేళ్ళుగా మధుమేహం, అరికాళ్ళలో తిమ్మిరి. "ఒరేయ్, పత్రికలో వచ్చిందిరా" అన్నది. పత్రికలో రాలేదత్తయ్యా, పత్రికతో వచ్చింది అని విడమరిచి చెప్పేలోపు ఆవిడ చెప్పులు వేసుకుంది.

ఆ కేంద్రం ఒక స్వీటుషాపు పై అంతస్తులో ఉంది. లోపల గోడకు సూది గుచ్చే 361 స్థానాలు గుర్తించిన మనిషి బొమ్మ, దాని కింద ఒక బల్ల, బల్ల మీద మా అత్తయ్య. చికిత్సకుడు (పేరుకు ముందు డాక్టరు, పేరు తరవాత ఏ ఊరి విశ్వవిద్యాలయమో అంతుపట్టని నాలుగక్షరాలు) రెండు పాదాల్లో కలిపి పది సూదులు గుచ్చాడు. దానికి రెండు నిమిషాలు పట్టింది. తరవాత టేపు చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. చికిత్స అక్కడి నుంచి మొదలైంది.

టేపు చుట్ట కొస దొరకడం ఎంత కష్టమో ఇంట్లో పార్సిలు కట్టిన ప్రతివారికీ తెలుసు. ఆయన చుట్టను దీపం కాంతిలో తిప్పి చూశాడు. గోరుతో గీకాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ గీకాడు. అసిస్టెంటు అమ్మాయిని పిలిచాడు. ఆమె పొడవాటి గోరుతో కొసను లేపింది గానీ అది అడ్డంగా చిరిగి పిల్లి మీసమంత పీలిక వచ్చింది. దంతాలు ఉపయోగంలోకి వచ్చాయి. చివరకు జానెడు టేపు ఊడి వచ్చి, ఊడిన వెంటనే ఆయన బొటనవేలికి చుట్టుకుంది. దాన్ని వదిలించబోతే చూపుడువేలికి అంటింది. ఆ రెండు వేళ్ళతోనే సూది పిడిని పట్టుకుని చుట్టబోగా సూదే టేపుతోపాటు పైకి వచ్చేసింది. ఆయన గంభీరంగా, "ఈ స్థానంలో శక్తి ఎదురుతిరుగుతోంది" అన్నాడు. మూడో సూదికి చేరేసరికి టేపును దాటి అమ్మాయి గాజులు, గాజులను దాటి మా అత్తయ్య పట్టీ, అన్నీ ఒకే విద్యుద్వలయంలోకి వచ్చాయి. తీగ రెండో కొసను భూమికి కలపాలి కదా, దాన్ని కిటికీ గ్రిల్లుకు కట్టారు. ఆ గ్రిల్లుకు రెండు పూతల నూనెరంగు ఉంది. గ్రిల్లు గోడలోకి దిగి అక్కడే ఆగిపోయింది. భూమి అక్కడికి ఇరవై అడుగుల కింద, మైసూర్‌పాకు వాసనల మధ్య ఉంది. అంతలో కరెంటు పోయింది. ఆయన చప్పున లేచి, ఇన్వర్టరు వచ్చేదాకా చికిత్స ఆపుతున్నామని ప్రకటించాడు. బ్యాటరీయే లేని చికిత్సకు ఇన్వర్టరు ఎందుకని నేను అడగలేదు. ఆ చీకట్లో కాళ్ళకు రాగి ఈకలు మొలిచిన పక్షిలా పడుకుని ఉన్న మా అత్తయ్యను చూసి నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు సంగతి తరవాత చెబుతాను.

లేచాక ఆయన అడిగాడు: "ఏమ్మా, నొప్పి తెలిసిందా?"

"లేదు బాబూ, గుచ్చినట్టే తెలియలేదు" అన్నది అత్తయ్య, సంతోషంగా.

"అదేనమ్మా టేపు గొప్పతనం!"

ఇటువంటి గొప్పతనం లోకానికి కొత్త కాదు. అమెరికాలోని కనెక్టికట్‌లో ఎలైషా పెర్కిన్స్ అనే వైద్యుడు 1796లో రెండు లోహపు పుల్లలకు పేటెంటు పుచ్చుకున్నాడు. మూడంగుళాల పొడవు, ఒకటి ఇత్తడి, ఒకటి ఉక్కు; నొప్పి ఉన్నచోట వాటితో దువ్వితే దేహంలోని దుష్టవిద్యుత్తు బయటకు వచ్చేస్తుందన్నాడు. జార్జి వాషింగ్టన్ కూడా ఒక జత కొన్నాడు. పెర్కిన్స్ కొడుకు లండన్‌లో జత అయిదు గినీలకు అమ్మాడు. 1799లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జాన్ హేగార్త్ అనే వైద్యుడు అచ్చం అలాగే కనిపించేట్టు రంగు వేసిన కర్రపుల్లలతో అయిదుగురు కీళ్ళనొప్పుల రోగులను దువ్వాడు. నలుగురికి హాయిగా ఉంది. మర్నాడు అసలు పుల్లలతో దువ్వినా అంతే హాయి. పెర్కిన్స్ అదే ఏడాది, తాను కనిపెట్టిన మరో మందు మీద నమ్మకంతో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) రోగులకు సేవ చేయడానికి న్యూయార్క్ వెళ్ళి, పచ్చజ్వరంతోనే పోయాడు. నాకు ఆయన మీద కొంచెం గౌరవం ఉంది. తన మందును తానూ నమ్మాడు. మన చికిత్సకుడి బల్ల సొరుగులో షుగరు మాత్రల అట్ట నేను చూశాను.

ఇక సూది సంగతి. జర్మనీలో నడుంనొప్పి మీద 1,162 మంది రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. శాస్త్రోక్తమైన స్థానాల్లో గుచ్చిన వారిలో 47.6 శాతం మందికి మెరుగైంది. స్థానాలు కాని చోట్ల పైపైన గుచ్చిన వారిలో 44.2 శాతానికి, మామూలు వైద్యం పొందిన వారిలో 27.4 శాతానికి. 2009లో అమెరికాలో 638 మందితో ఇంకో పరీక్ష జరిగింది; అందులో ఒక జట్టుకు సూదులే గుచ్చలేదు, గొట్టంలోంచి పళ్ళపుల్లలతో చర్మాన్ని తాకించారు. వాళ్ళకూ సూదులవాళ్ళంతగానే తగ్గింది. పక్షపాతం లేకుండా చదివితే ఇందులో చికిత్సకుడికి అనుకూలమైన మాట ఒకటి ఉంది: అరగంటసేపు ఒక మనిషిని పడుకోబెట్టి, ఎక్కడ నొప్పి అని అడిగి, చెప్పింది వినడమే మామూలు ఆసుపత్రి మూడు నిమిషాల కంటే మేలు చేస్తోంది. ఆ అరగంటను గంట చేసినా మెరుగుదల అనవచ్చు. పళ్ళపుల్లకు రాగి టేపు చుట్టడం ఏ విధమైన మెరుగుదలో నాకు బోధపడలేదు.

ఇప్పుడు ఆ నవ్వు సంగతి.

గుచ్చినట్టే తెలియలేదని మా అత్తయ్య అన్నప్పుడు కూడా నేను అలాగే నవ్వాను. పది సూదులు అరికాళ్ళ దగ్గర దిగితే పసిపిల్ల కెవ్వుమంటుంది. ఆవిడకు తెలియకపోవడానికి కారణం టేపు కాదు, పన్నెండేళ్ళ షుగరు ఆవిడ కాళ్ళ నరాలను తినేసింది. వైద్యం ఓనమాలు వచ్చినవాడెవడైనా ఆ మాట విన్న వెంటనే సూదులు పక్కన పడేసి, "అమ్మా, మీ కాలికి స్పర్శ లేదు, ఈ పూటే ఆసుపత్రికి వెళ్ళండి" అనాలి. ఈ మనిషి దాన్ని ప్రశంసాపత్రంగా పుచ్చుకున్నాడు. టేపును మూడు రోజులు విప్పవద్దని చెప్పి పంపాడు. నికెల్ చాలామంది చర్మానికి పడదు. టేపు కింద పొక్కులు లేచాయి. ఫోను చేస్తే విషం బయటకు వస్తోంది, మంచిదే అన్నాడు. ఆవిడకు దురద లేదు, మంట లేదు, నొప్పి లేదు, ఉండడానికి అక్కడ నరం లేదు. నాలుగో రోజు వాసన వచ్చింది. చిటికెన వేలు తీసేశారు.

వాహకమట! ఆ కాలిలో వార్తను మెదడుకు మోయవలసిన వాహకం చచ్చిపోయిందిరా నాయనా, దాని పైన నువ్వు రాగి చుట్టావు. ఆసుపత్రిలో ఆ కుర్ర డాక్టరమ్మ చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఒక నైలాన్ పోగు తీసింది. పది గ్రాముల బరువుకు వంగే పోగు, చేపలు పట్టే గాలపు దారం లాంటిది. కళ్ళు మూసుకోమని పాదంలో ఒక్కో చోట తాకించి, తెలుస్తోందా అని అడిగింది. అర నిమిషం పని. పేటెంటు లేదు, కరపత్రం లేదు, ఎర్తింగ్ లేదు. సూదిని నిజంగా మెరుగుపరచాలనుకునే వాడికి ఆ పోగు చాలు. 1954 నాటి చట్టం ఒకటి మధుమేహానికి తాయెత్తులు, మంత్రాలు, కవచాలు పనిచేస్తాయని ప్రకటించుకోవడాన్ని నేరమన్నది. "మరే విధమైన మహత్తు" అయినా సరే అని కూడా కలిపింది. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ కరపత్రం నా కాఫీ పక్కన, పట్టుచీరల వీపు మీద ఎక్కి దర్జాగా వచ్చి పడింది.

పోయిన వారం ఆ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. అత్తయ్య కోర్సులో ఇంకా రెండు సిట్టింగులు మిగిలి ఉన్నాయట, టేపు చుట్ట ఒకటి పొరపాటున మా సంచిలో వచ్చేసిందట, దాన్ని తిరిగి ఇవ్వాలట. ఆ చుట్టను ఆవిడ మనవడు బడి సైన్సు ప్రాజెక్టుకు వాడేశాడని, అట్టముక్క మీద అంటించి బ్యాటరీ తగిలించాడని చెప్పాను.

"బల్బు వెలిగిందా అండీ?" అని అడిగాడు చికిత్సకుడు.

వెలిగిందన్నాను.

"చూశారా, మేము మొదటి నుంచీ చెబుతున్నది అదే" అన్నాడు.