పాడే మనిషి మారితే పాట మారాలి

1960ల నాటి ఇంగ్లిష్ పాప్ పాటలకు వచ్చిన కవర్ వెర్షన్ల (ఒకరు పాడిన పాటను మరొకరు తిరిగి పాడి చేసిన రికార్డుల) మంచిచెడ్డలు తేల్చేటప్పుడు చాలామంది గొంతు బాగుందా, అసలు పాటకు దగ్గరగా ఉందా అన్న రెండు కొలతలతోనే సరిపెట్టుకుంటారు. ఆ రెండూ పెద్దగా పనికివచ్చేవి కావు. గాయకుడు మారినప్పుడు పాటలో మాట్లాడుతున్న మనిషి కూడా మారాడా లేదా అన్నదే అసలు చూడవలసింది.

ఓటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడిన ‘రెస్పెక్ట్’లో ఒక మగవాడు, అడిగినవన్నీ తెచ్చి ఇస్తున్నాను గనుక ఇంటికి వచ్చేసరికి కాస్త మర్యాదగా చూడమని తన ప్రియురాలిని వేడుకుంటాడు. 1967 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోలో గాయని అరీతా ఫ్రాంక్లిన్ అదే పాటను రికార్డు చేసినప్పుడు ఇంటికి వచ్చేది మునుపటిలాగే మగవాడే గానీ, మాట్లాడేది ఆమె అయింది, డబ్బు ఆమెది అయింది, అడిగే హక్కూ ఆమెది అయింది. పాట పేరును ఆమె ఒక్కో అక్షరం విడదీసి పలుకుతుంది, అది ఓటిస్ పాటలో లేనే లేదు. వెనుక కోరస్‌లో ఆమె అక్క ఎర్మా, చెల్లెలు క్యారొలిన్ గొంతు కలపడంతో, ఒక దంపతుల తగాదా కాస్తా ఆడవాళ్లందరూ కలిసి నిలదీసినట్లు వినిపిస్తుంది. ఓటిస్ పాటలో లేని ఒక మధ్యభాగాన్ని కూడా చేర్చి, శామ్ అండ్ డేవ్ అనే గాయక జంట పాడిన మరో పాటలోని కార్డ్‌ల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) మీద కింగ్ కర్టిస్ చేత శాక్సఫోన్ వాయింపజేశారు. ఆ ఏడాది జూన్‌లో అమెరికాలోని మాంటెరీ సంగీతోత్సవ వేదికపై ఓటిస్ స్వయంగా, ఈ పాటను ఒక అమ్మాయి తన దగ్గర నుంచి తీసుకుపోయిందని నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

జో కాకర్ 1968లో చేసింది ఇంకో రకం మార్పు. బీటిల్స్ పాట ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’లో రింగో స్టార్ తనను అడిగిన ప్రశ్నలకు తాపీగా, సరదాగా జవాబు చెబుతాడు, కాకర్ దాని నడకను తిస్ర గతికి (మూడేసి లెక్కల నడకకు) మార్చి, వేగం బాగా తగ్గించి, రెండున్నర నిమిషాలు దాటిన పాటను ఐదు నిమిషాలకు సాగదీయడంతో అవే జవాబులు మునిగిపోతున్నవాడి కేకల్లా వినిపిస్తాయి. మాటలు దాదాపు అవే, మనిషి మాత్రం వేరు.

చెడ్డ కవర్ అనగానే అందరూ నటుడు విలియం శాట్నర్ 1968లో బాబ్ డిలాన్ పాటను నాటక సంభాషణలా అరిచి చెప్పిన రికార్డును ఎత్తుకుంటారు. దాన్ని నవ్వుకుని వదిలేయవచ్చు. నా దృష్టిలో అంతకంటే చెడ్డది ఫిల్ కాలిన్స్ 1982లో పాడిన ‘యూ కాంట్ హర్రీ లవ్’. సుప్రీమ్స్ అనే గాయనుల బృందం 1966లో పాడిన ఆ పాటలోని డ్రమ్స్, బేస్ నడక, కోరస్ అన్నీ ఎంతో శ్రద్ధగా తిరిగి కట్టారు. వీడియోలో ముగ్గురు గాయనుల స్థానంలో ముగ్గురు కాలిన్స్‌లు కనిపిస్తారు. బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో సుప్రీమ్స్‌కు మూడో స్థానం దక్కితే ఇతనికి మొదటి స్థానమే దక్కింది. అయినా, తొందరపడవద్దన్న తల్లి మాటను తలచుకుంటూ సుప్రీమ్స్ ప్రధాన గాయని డయానా రాస్ గొంతులో వణికే ఆత్రం ఇక్కడ లేదు, దాని స్థానంలో మరొకటి వచ్చి చేరనూ లేదు. లోపం పనితనంలో లేదు, ఆ పాటను మళ్లీ పాడవలసిన అవసరమే కనిపించకపోవడంలో ఉంది.

ఇంత మార్చినా ‘రెస్పెక్ట్’ రచయిత ఓటిస్ ఒక్కడే. అమెరికాలో రేడియో కేంద్రాలు పాట రచయితకు, ప్రచురణకర్తకు చెల్లిస్తాయి తప్ప గాయకులకు చెల్లించవు గనుక, రేడియోలో అరీతా గొంతు మోగినప్పుడల్లా ఆ సొమ్ము ఆమెకు కాక ఓటిస్ పక్షానికే చేరింది. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 31సి సెక్షన్ ఇంకా బిగువైనది: తొలి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగి, నిర్ణీత రాయల్టీ ముందే చెల్లించి ఎవరైనా కవర్ చేయవచ్చు గానీ, హక్కుదారు సమ్మతి లేకుండా సాహిత్యాన్నీ సంగీతాన్నీ మార్చకూడదు. అంటే చట్టం ఇచ్చే లైసెన్సుతో కాలిన్స్ దారి మాత్రమే తెరిచి ఉంటుంది. అరీతా దారిన వెళ్లదలచిన గాయని ముందు హక్కుదారు గుమ్మం ఎక్కవలసిందే.