ముడుపు కట్టిన స్విచ్చి

ఫీచర్ టాగుల్‌లు తీసేయాలనే మహానుభావులు ఈమధ్య మా ఆఫీసులోనూ బయల్దేరారు. పెద్దవాళ్లం ఊరుకుంటే బాగుండదని కలం పట్టాల్సి వచ్చింది.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కొత్త ఫీచర్ కోడ్ సగమే అయినా ఒక స్విచ్చి వెనక దాచి, ఆఫ్‌లో పెట్టి సర్వర్‌కి పంపేయొచ్చు. ఆ స్విచ్చే టాగుల్. సిద్ధమయ్యాక నూటికి ఒకరికి ఆన్ చేసి చూస్తారు, తర్వాత పదిమందికి, ఆనక అందరికీ. తేడా కొడితే ఆఫ్. ఇంతవరకూ పేచీ లేదు. అందరికీ ఆన్ అయ్యాక ఆ స్విచ్చినీ, వెనకున్న పాత కోడ్‌నీ పీకేయాలట!

మేం తిరుపతివాళ్లం. పసుపు గుడ్డలో రూపాయి కట్టి పటం పక్కన పెడతాం. తీర్చడం కొండ మీద రద్దీ తగ్గాక. మా కోడ్‌లో ఒక టాగుల్ పక్కన ‘తాత్కాలికం, వచ్చే వారం తీసేస్తా’ అని ఉంది. రాసినాయన బెంగళూరు వెళ్లిపోయి చాలా కాలమైంది. ముడుపు భద్రంగా ఉంది. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి "అన్నా, ఇది ఆఫ్ చేస్తే ఏమవుతుంది?" అంది. కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. మేనేజర్ టీ గ్లాసు కింద పెట్టి, "దాన్ని ముట్టుకోవద్దు పాపా" అన్నారు. బైరాగిపట్టెడలో మా అవ్వ ఇంట్లోనూ ఒక స్విచ్చికి ప్లాస్టర్ వేసి ఉంటుంది. అది దేనిదో తాతకే తెలుసు. తాత లేడు.

టెస్టింగ్ కష్టమంటారు. ఒక్కో టాగుల్‌కీ పరీక్షించాల్సిన ఆన్-ఆఫ్ కలయికల లెక్క రెట్టింపవుతుంది నిజమే. పన్నెండింటికే 4,096 రకాలు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కేవాళ్లకు ఇదొక లెక్కా? పైగా తీయని టాగుల్ అప్పులాంటిదట, వడ్డీ పెరుగుతుందట. వడ్డికాసులవాడి ఊళ్లో ఉంటూ వడ్డీకి భయపడతామా?

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కథ చెప్పి బెదిరిస్తారు. 2012 ఆగస్టు 1న వాళ్లు పాత పనికి పెట్టుకున్న ఫ్లాగ్‌ని, అంటే ఇలాంటి స్విచ్చినే, కొత్త పనికి వాడారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. అక్కడ ఏళ్లుగా నిద్రపోతున్న పాత కోడ్ లేచి షేర్ల ఆర్డర్లు కుమ్మరించింది. సుమారు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా గంగపాలు. కానీ అది ముడుపు తీర్చకపోవడం తప్పు కాదండీ. ఒక మొక్కు ముడుపు విప్పి ఇంకో మొక్కుకు వాడటం తప్పు!

ప్రతి టాగుల్‌కీ ఓనర్ పేరూ గడువు తేదీ రాయాలట, తేదీ దాటితే బిల్డ్, అంటే కోడ్‌ని ప్రోగ్రామ్‌గా తయారుచేసే పని, ఆగిపోవాలట. పాల ప్యాకెట్ అనుకున్నారా? రద్దీలో బరువైన పనుల్ని ఆపే అత్యవసర స్విచ్చిలు మాత్రం ఎప్పటికీ ఉండొచ్చని వాళ్లే ఒప్పుకుంటారు. అందుకే మావన్నిటికీ ‘అత్యవసరం’ అని పేరు మార్చేశాం.

ఆ అమ్మాయి మాత్రం వదల్లేదు. ‘వచ్చే వారం తీసేస్తాం’ అని కాణిపాకం వెళ్లి ప్రమాణం చేయమంది. కారు కూడా తనే మాట్లాడింది. శనివారం పొద్దున ఆరింటికి లీలామహల్ సర్కిల్ దగ్గరికి రమ్మంటే, మాలో ఒక్కరూ వెళ్లలేదు.