సీసా మాది, సోకు వాళ్లది

మన మందు మనమే తెచ్చుకునే నైట్‌క్లబ్బంటే ఖర్చు కలిసొస్తుందనుకుంటాం. రాదు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత నన్నెవరూ అడగొద్దు.

అసలు ఆ ఏర్పాటు ఎవరూ పెద్దమనసుతో పెట్టింది కాదు. మందు అమ్మాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సేమో అందరికీ దొరకదు. అమెరికాలో న్యూజెర్సీనే చూడండి. కూర్చోబెట్టి మందు పోసే లైసెన్సులు ఊరి జనాభాలో 3,000 మందికి ఒకటి చొప్పున లెక్కగట్టి ఇస్తారు. అందుకే అక్కడ బోలెడు రెస్టారెంట్లు ‘సీసా మీరు తెచ్చుకోండి, గ్లాసు మేమిస్తాం’ అంటాయి. ఆ తెలివే నైట్‌క్లబ్బులకీ పాకింది. మందు ఒక్కటి తప్ప అన్నీ అమ్ముతారు. తలుపు దాటినందుకు టికెట్టు, ఐసు, సోడా, టానిక్ వాటరు, ప్లాస్టిక్ గ్లాసు. ఇవన్నీ కాక కార్కేజీ. మనం మోసుకొచ్చిన సీసాని వాళ్లు తెరిచి, పోసి, గ్లాసులు కడిగి పెట్టినందుకు రుసుమన్నమాట. ప్లాస్టిక్ గ్లాసు ఎవరు కడుగుతారని అడక్కండి.

సరే, మావాడి పుట్టినరోజు, అలాంటి క్లబ్బులోనే. ‘బీరు తేకురా, పరువు పోతుంది. మంచి వైను పట్రా’ అన్నాడు. విస్కీ, వోడ్కా లాంటివి రానివ్వరట. బీరూ వైనూ మాత్రమే, అదీ సీలు తియ్యకుండా. కొన్నాను. అసలు సిసలు కార్కున్న సీసా. కార్కుంది కదా అని దాన్ని తీసే స్క్రూ కూడా జేబులో వేసుకున్నాను. ఇంతవరకూ నా వైపు ఏ లోపమూ లేదని సభాముఖంగా మనవి.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను సీసాని లైటుకెత్తి చూశాడు, సీలు గోటితో గీకి చూశాడు, సంతృప్తిగా తలాడించాడు. తర్వాత నా జేబు తడిమాడు.

“ఇది లోపలికి రాదు సార్.”

“అది లేకపోతే ఇది తెరుచుకోదండీ.”

“సీసా తీసుకెళ్లండి సార్. సీసాకి పర్మిషనుంది.”

“సీసా రావొచ్చు, సీసా తెరిచేది రాకూడదా?”

“బ్లేడుంది సార్.”

ఉంది. కాదనను. నా దగ్గరున్నది వెయిటర్లు వాడే మడత రకం. 1882లో కార్ల్ వీంకె అనే జర్మన్ పేటెంటు చేయించిన నమూనా. సీసా మెడకి చుట్టిన రేకు కొయ్యడానికి దానికో పక్కన చిన్న కత్తి ఉంటుంది. దాంతో ఎవరినైనా గాయపరచాలంటే ముందు వాళ్లని కదలకుండా కూర్చోమని బతిమాలుకోవాలి. అసలు కార్కు స్క్రూకి తొలి పేటెంటు తీసుకున్నది, 1795లో, ఇంగ్లండులోని ఒక చర్చి ఫాదరు, శామ్యూల్ హెన్‌షల్. దైవభక్తుడు కనిపెట్టిన వస్తువు అది. ఆ మహానుభావుడి పేరు గేటు దగ్గర ఎత్తాను కూడా. వెనక లైన్లో ఉన్నవాళ్లు ఎత్తిన గొంతులు వేరు. చివరికి ఆ చిన్న కత్తిని అట్టపెట్టెలో వేసి నాకో టోకెనిచ్చి, కిలోకి పైన తూగే గాజు సీసాని మాత్రం భద్రంగా నా చేతిలోనే పెట్టి, ‘ఎంజాయ్ సార్’ అన్నాడు.

లోపల కౌంటర్లో అమ్మాయి సీసా మెడకి నంబరున్న పట్టీ కట్టింది, అదే నంబరు పట్టీ నా మణికట్టుకీ కట్టింది. కార్కేజీ కట్టించుకుంది. గ్లాసులిచ్చింది. అంతా చకచకా జరిగిపోయింది.

“కొంచెం తెరిచిస్తారా?” అన్నాను.

“స్క్రూ లేదండీ.”

ఆ మాట ఆవిడ ఎంత మామూలుగా అందంటే, నేనే ఏదో అడగరానిది అడిగానేమోనని ఒక్క క్షణం సిగ్గుపడ్డాను. “మరి కార్కేజీ దేనికండీ?” అంటే, “అది సీసాకండీ” అంది. అందరూ తిప్పే మూతలే తెస్తారట. పాపం, ఆవిడ తప్పేం లేదు. ఆస్ట్రేలియాలో క్లేర్ వ్యాలీ అనేచోట వైను చేసేవాళ్లు 2000లో తమ రీస్లింగ్ అనే తెల్ల వైన్లకి కార్కు మానేసి తిప్పే మూతలు బిగించారు, వెనకాలే న్యూజిలాండు వాళ్లూ అందుకున్నారు. లోకమంతా అటు నడుస్తుంటే నేనొక్కణ్ణీ సంప్రదాయం భుజానేసుకుని వచ్చాను. మళ్లీ గేటు దగ్గరకెళ్లి ఒక్క నిమిషం స్క్రూ ఇమ్మంటే, బయటికొచ్చినవాళ్లు మళ్లీ టికెట్టు కొనాలన్నారు.

తర్వాత కొంత సేపు జరిగిన చర్చలు అనవసరం. మావాడు ఫోన్లో వెతికి ఓ కిటుకు పట్టాడు. సీసా అడుగుని బూటులో దింపి, ఆ బూటు మడమని గోడకేసి కొడుతూ పోవాలి. కొట్టినప్పుడల్లా లోపలి వైను ఎగిరి కార్కుని తంతుంది, కార్కు కొంచెం కొంచెంగా బయటికి జరుగుతుంది. భౌతికశాస్త్రం ఒప్పుకుంటుంది. కాకపోతే గోడ కావాలి. డాన్స్ ఫ్లోరు మీదికి గాజు రానివ్వరు కాబట్టి మిగిలిన గోడ వాష్‌రూములోదే.

ఎవరి బూటు అన్నదాని మీద కాసేపు నడిచింది. మావాడివి కొత్తవి, పుట్టినరోజువి. నేను కుడికాలి బూటు విప్పి, తడి నేల మీద మేజోడుతో నిలబడ్డాను. ఆ తడి ఏమిటో ఆలోచించకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాను. మావాడు కొట్టడం మొదలుపెట్టాడు. ఠప్. “ఉన్నాం, ఉన్నాం,” అని గోడవతల నుంచి ఎవరో కేక. ఠప్. “చెప్పానుగా, లోపల ఉన్నాను!” ఠప్. “అరె, ఆగవయ్యా బాబూ, మనిషన్నాక టైము పడుతుంది!” ఆయన గొంతులో మొదట విసుగుంది, తర్వాత కోపమొచ్చింది, ఆఖరికి ఏదో అపరాధభావం కూడా వినిపించింది. బయట పాట దరువుకీ మావాడి దెబ్బకీ తాళం కుదిరినప్పుడు మాత్రం ఆయన ఊరుకున్నాడు.

కార్కు ఓ పావు అంగుళం కదిలి ఆగిపోయింది. ఇక రాను పొమ్మంది. దానికా హక్కుంది లెండి. కార్కు ఓక్ చెట్టుకి 25 ఏళ్లొస్తే గానీ తొలిసారి బెరడు ఒలవరు, ఆ తర్వాత 9 ఏళ్లకోసారి ఒలుస్తారు. మొదటి రెండు సార్లూ వచ్చిన బెరడు సీసా బిరడాలకి పనికిరాదు. అంటే 43 ఏళ్లు తపస్సు చేసిన చెట్టు ఇచ్చిన బిరడా అది. మేమేమో వాష్‌రూములో బూటుతో కొడుతున్నాం.

“రాకపోతే లోపలికి తోసేద్దాం” అన్నాడు మావాడు. వాడి జేబులో లావుపాటి పెన్నుంది. స్క్రూ ఆయుధమట, పెన్ను కాదట, అదీ గేటు నీతి. సీసాని సింకులో నిలబెట్టి నేను పట్టుకున్నాను. వాడు పెన్ను ఆనించి ఒళ్లంతా బరువేశాడు. ఇక్కడ వాడి ఫోను చెప్పని సంగతొకటుంది. వైను నొక్కితే నొక్కుకుపోదు. కార్కు కింద ఉన్న కాస్త గాలే నలిగి నలిగి ఒత్తిడి పెంచుకుంటుంది. కార్కు మెడ దాటి జారిన మరుక్షణం అదంతా ఉన్న ఒక్క దారినీ వెతుక్కుంటుంది. దారికెదురుగా నేనున్నాను.

బోరు పడినట్టు ఎగజిమ్మింది. గడ్డం మీంచి బెల్టు దాకా ఎర్రగా. చొక్కా తెల్లది, చెప్పలేదు కదూ. కార్కు లోపల పడింది, దాని వెనకే పెన్నూ లోపల పడింది, టోపీతో సహా. మావాడి మీద ఒక్క చుక్క పడితే ఒట్టు. సరిగ్గా అప్పుడే గోడవతల పెద్దమనిషి తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ఒంటికాలి బూటుతో, మూతి నుంచి ఎర్రగా కారుతున్న నన్నూ, చేతులు పైకెత్తి నిలబడ్డ మావాణ్ణీ చూశాడు. చేతులు కడుక్కోకుండానే వెళ్లిపోయాడు.

కడిగినంత కడిగి, చీకట్లో ఎవరికి కనపడుతుందిలే అని బయటికి నడిచాను. లోపల వెలిగేవి అల్ట్రావయొలెట్ దీపాలని మర్చిపోయాను. బట్టల సబ్బుపొడిలో తెలుపు కొట్టొచ్చినట్టు కనపడాలని కలిపే రసాయనాలు ఆ వెలుతురులో భగ్గున నీలంగా మెరుస్తాయి. నా చొక్కా భుజాలూ చేతులూ ధగధగ మెరిసిపోతున్నాయి, మధ్యలో ఛాతీ నుంచి పొట్ట దాకా నల్లటి ఖాళీ. దూరం నుంచి చూస్తే చేతులు రెండూ విడివిడిగా గాల్లో తేలుతూ వస్తున్నట్టుందని మావాడు తర్వాత చెప్పాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి అడిగి మరీ పక్కన నిలబడి ఫోటో తీసుకుంది.

సీసాలో ఇంకా సగం పైనే ఉంది గానీ, వంచినప్పుడల్లా కార్కు వచ్చి మెడకి అడ్డం పడుతోంది. పైగా పెన్ను సిరా కక్కుతోందో లేదో ఆ దీపాల కింద తెలిసే దారి లేదు. ఎవరూ ముట్టుకోలేదు. ఆ రాత్రి మా గొంతులో దిగింది వాళ్లు అమ్మిన టానిక్ వాటరొక్కటే. క్వినైన్ ఉంటుంది కదా, అదీ ఆ వెలుతురులో నీలంగానే మెరిసింది, నా భుజాలకి తోడుగా.

పోయేటప్పుడు సీసా పట్టుకెళ్దామంటే తెరిచిన సీసా బయటికి పంపరట. పెన్ను కోసమైనా ఇమ్మంటే, పెన్నున్నది సీసాలోనే కదా సార్ అన్నారు. టోకెనిచ్చి స్క్రూ తీసుకున్నాను. ఈలోగా వాష్‌రూము శుభ్రం చేసే అతను మేనేజరుతో వచ్చాడు. గోడ, సింకు, అద్దం, సీలింగూ చూపించాడు. సీలింగు దాకా వెళ్లిందని నాకూ అప్పుడే తెలిసింది. దానికీ డబ్బు కట్టమన్నారు. మావాడు పుట్టినరోజు కదా అని జేబులో చెయ్యి పెట్టలేదు, నేనే కట్టాను. రసీదు మీద వాష్‌రూము శుభ్రతకి విడిగా పద్దు లేదట. కార్కేజీ అని ఇంకోసారి కొట్టిచ్చారు.