లాబ్‌స్టర్ వేటకి డ్రైసూట్ వద్దంటారా?

"లాబ్‌స్టర్ల కోసం డ్రైసూట్ ఎందుకు, రాళ్లకి గీసుకుని చిరుగుతుంది, వెట్‌సూట్ చాలు" అని కొత్తవాళ్లకి ఎవరైనా చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను చెప్పేది చల్లని నీళ్లలో డైవ్ చేసి పట్టే వేట గురించి. డ్రైసూట్ అంటే లోపలికి నీళ్లు రానివ్వకుండా, లోపల గాలి నింపుకునే సూట్. వెట్‌సూట్ అంటే నీళ్లు కాస్త లోపలికి వచ్చే, ఒంటికి అతుక్కుని ఉండే నియోప్రీన్ అనే నురగ రబ్బరు సూట్. నీరు మన ఒంట్లో వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. వెట్‌సూట్ వెచ్చగా ఉండేదే నియోప్రీన్‌లోని గాలి బుడగల వల్ల, 10 మీటర్లు దిగేసరికి పీడనం రెట్టింపై ఆ బుడగలు నలిగిపోతాయి, సూట్ పల్చబడుతుంది. పైగా ఈ వేటలో ఈత తక్కువ. చాలాసార్లు రాత్రిపూట, రాయి పక్కన దాదాపు కదలకుండా, సందులోకి లైటు వేసి చూస్తూ ఉండాలి. అలా ఉంటే చలి వేయకుండా ఎలా ఉంటుంది?

చలికి ముందు మొద్దుబారేవి వేళ్లే. పట్టుకున్నదాన్ని గేజ్‌తో కొలవాలి, తిప్పి తోక కింద గుడ్లున్నాయేమో చూడాలి, చిన్నదైనా గుడ్లున్నదైనా దెబ్బ తగలకుండా వదలాలి. వణుకుతున్నవాడు ఇవేవీ సరిగ్గా చేయడు, నేను చూశాను. గబగబా సంచిలో వేసేసి పైకెళ్లి చూద్దాంలే అనుకుంటాడు. అది నాకు అస్సలు నచ్చదు.

చిరుగుతుందన్నది నిజమే, కాదనను. రాళ్లకి అతుక్కుని ఉండే పదునైన బార్నకిల్స్, సముద్రపు అర్చిన్ ముళ్లు, లాబ్‌స్టర్ ఒంటి మీది ముళ్లు, అన్నీ సూట్‌కి శత్రువులే. అయితే మోకాళ్లకి ప్యాడ్లు ఉంటాయి, చిన్న బెజ్జానికి జిగురు ఉంటుంది. అసలు భయపడాల్సింది బెజ్జానికి కాదు. దాని గురించి ఎవరూ చెప్పరు, నా కోపమంతా అక్కడే.

లాబ్‌స్టర్ ఉండేది సందులో. దాన్ని చూడాలంటే తల కిందికి, కాళ్లు పైకి. డ్రైసూట్‌లో గాలి ఎప్పుడూ పైన ఉన్న చోటికే పోతుంది, అంటే పాదాల్లోకి. గాలి వదిలే వాల్వ్ ఉండేదేమో సాధారణంగా ఎడమ చేతి పైభాగంలో. తలకిందులుగా ఉన్నప్పుడు అది కిందికి పోతుంది కాబట్టి ఎంత తిప్పినా గాలి బయటికి రాదు. తక్కువ లోతే కదా అనుకోకండి, గాలి పరిమాణం అన్నిటికంటే ఎక్కువ మారేది ఉపరితలానికి దగ్గరలోనే. 10 మీటర్ల దగ్గర ఉన్న గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది.

డ్రైసూట్‌తో నా మూడో డైవ్‌లోనే ఇది జరిగింది. రెండు పొడవాటి మీసాలు కనిపించాయి, భుజం దాకా చెయ్యి పెట్టేశాను, నా కళ్లు దాని మీదే. కాళ్లు తేలికవుతున్నాయని తెలిసేసరికి బూట్లు ఉబ్బి, ఈతకి కాలికి తొడిగే ఫిన్ ఒకటి జారిపోతోంది. ఆరు మీటర్ల నుంచి కాళ్లు ముందుగా పైకి తేలిపోయాను, ఊపిరి బిగపట్టకుండా వదులుతూ వచ్చాను కాబట్టి బతికిపోయాను. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

అందుకే నా మాట ఇది: డ్రైసూట్ వేసుకోండి, కానీ మొదటి పది డైవ్‌లు సంచి లేకుండా, లాబ్‌స్టర్ జోలికి పోకుండా చేయండి. నేర్పించేవాళ్లు పక్కన ఉండగా మోకాళ్లు ముడిచి దొర్లి నిటారుగా అవడం, ఎడమ మోచేయి ఎత్తి గాలి వదలడం ఆలోచించకుండా వచ్చేయాలి. సూట్ ఒంటిని నొక్కకుండా ఉండేంత గాలి చాలు, వెచ్చదనం లోపల వేసుకునే బట్టల నుంచి రావాలి.

ఇంకొకటి, మణికట్టు సీల్, అంటే నీళ్లు రాకుండా చేతిని బిగించి పట్టే సూట్ అంచు. లాబ్‌స్టర్‌ని గట్టిగా పట్టినప్పుడు మణికట్టు దగ్గర స్నాయువులు (కండరాల్ని ఎముకకి కలిపే తాళ్లలాంటివి) పైకి లేచి, వాటి పక్కన సన్నటి కాలువలు ఏర్పడతాయి, అందులోంచి నీళ్లు మోచేయి దాకా పాకుతాయి. సూట్ పాడైందని చాలామంది టెన్షన్ పడేది దీనికే. సీల్‌ని కాస్త పైకి, చెయ్యి నున్నగా ఉండే చోటికి జరిపితే చాలావరకు తగ్గుతుంది. సంచి మాత్రం ఒక్క చేత్తో వదిలేయగలిగేలా పట్టుకోండి. నేను పైకి తేలిపోయిన రోజు నా సంచి నడుముకి కట్టేసి ఉంది.