సగం వాక్యానికి నిండు భాష్యం

మన కాలపు విద్యావిప్లవం ఏదని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెబుతాను: సగం వాక్యం చదివి నిండు భాష్యం చెప్పే విద్య. పూర్వం ఖుర్‌ఆన్‌కు వ్యాఖ్యానం రాయాలంటే అరబ్బీ వ్యాకరణం రావాలి, ఏ వాక్యం ఏ సందర్భంలో అవతరించిందో తెలియాలి, ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే హదీసుల్లో గట్టివేవో తాలువేవో ఏరుకోవాలి. 923లో బాగ్దాదులో కన్నుమూసిన వ్యాఖ్యాత తబరీ, పాపం, ఒక్కొక్క వాక్యానికి తన ముందువాళ్లు చెప్పిన అర్థాలన్నీ పోగుచేస్తూ సంపుటాల మీద సంపుటాలు రాశాడు. చేతిలో ఫోను లేకపోతే మనిషికి ఎన్ని అవస్థలు!

నేటి భాష్యకారుడికి తొమ్మిదో సూరాలోని, అంటే అధ్యాయంలోని, ఐదో వాక్యం ఒక్కటి చాలు. అందులోనూ మొత్తం అక్కరలేదు, ‘ఎక్కడ కనబడితే అక్కడ చంపండి’ అన్న ముక్క దొరికితే పండగే. దానికి ముందున్న నాలుగో వాక్యం, ఒప్పందానికి కట్టుబడిన బహుదైవారాధకుల జోలికి పోవద్దు, గడువు తీరేదాకా మీ మాట నిలుపుకోండి అంటుంది. వెనకాల ఉన్న ఆరో వాక్యం ఇంకా విచిత్రం. ఆ శత్రువుల్లో ఎవడైనా శరణు కోరితే శరణివ్వండి, దైవవాక్కు వినిపించండి, ఆపైన అతణ్ణి భద్రమైన చోటికి చేర్చండి అంటుంది. చంపమన్నవాణ్ణే దగ్గరుండి దిగబెట్టి రమ్మంటే ఏ భాష్యకారుడికి మాత్రం చిరాకు వేయదు? అందుకే ఆయన సరిసంఖ్యలు చదవడం మానేశాడు. వాళ్లే ప్రమాణాలు భంగం చేశారు, మొదట తలపడిందీ వాళ్లే అని చెప్పే పదమూడో వాక్యం బేసిదే. దాన్ని అశుభమని వదిలేశాడు.

ఇక చరిత్ర సంగతి. 628లో హుదైబియా దగ్గర ముహమ్మద్ ప్రవక్తకూ మక్కాను ఏలే ఖురైషు తెగవాళ్లకూ పదేళ్ల సంధి కుదిరింది. రెండేళ్లు తిరగకముందే ఖురైషుల పక్షాన ఉన్న బనూ బక్ర్ తెగవాళ్లు ప్రవక్త పక్షాన ఉన్న ఖుజాఆ తెగమీద పడ్డారు. సంధి చెడింది, 630లో మక్కా వశమైంది, మరుసటి ఏడు హజ్ సమయంలో ఈ సూరా తొలి వాక్యాలను జనం మధ్య చాటించారు. అదీ నాలుగు నెలల గడువు ఇస్తూ! మాటు వేసి చంపదలచినవాడు నాలుగు నెలల ముందు నోటీసు ఇవ్వడం ఏ యుద్ధశాస్త్రంలోనిదో నాకు అంతుపట్టలేదు. భాష్యకారుడు మాత్రం ఈ గొడవలోకి దిగడు. చరిత్ర చదివితే ఆవేశం చల్లారుతుంది, ఆవేశం చల్లారితే సందేశాలు ముందుకు సాగవు.

ఈ శాస్త్రం సాధించిన జాతీయ, అంతర్జాతీయ సమైక్యతను కూడా మెచ్చుకోవాలి. 1998లో ఒసామా బిన్ లాడెన్ తన యుద్ధ ప్రకటనను ఈ ఐదో వాక్యంతోనే ఎత్తుకున్నాడు. ముస్లిముల పేరెత్తితే మండిపడే మన వీధి భాష్యకారుడు పంపే సందేశమూ దీంతోనే మొదలవుతుంది. ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు శిష్యులు, గురుకులం ఒక్కటే. 2014లో నూట ఇరవైమందికి పైగా ఇస్లామిక్ పండితులు ఐసిస్ నాయకుడు బగ్దాదీకి బహిరంగ లేఖ రాస్తూ, ఒక విషయంపై ఖుర్‌ఆన్, హదీసు చెప్పినదంతా చూడకుండా ఒక ముక్క పట్టుకుని తీర్పు చెప్పకూడదన్నారు. లేఖ బాగుంది, కానీ చాలా పొడుగు. మన పండితుడు ఒక వాక్యమే పూర్తిగా చదవడు, అంత లేఖ ఏం చదువుతాడు?

శాంతికాముకులు వెనుకబడ్డారని ఎవరూ దిగులుపడనక్కరలేదు. సర్వమత సభల్లో వేదిక వెనుక కట్టే బ్యానరు చూడండి: ‘ఒక్క మనిషిని చంపితే మానవజాతినంతా చంపినట్టే’. ఐదో సూరా, ముప్పై రెండో వాక్యం. ‘ఇస్రాయీలు సంతతికి మేము విధించాం’ అన్న ఎత్తుగడ బ్యానరులో పట్టలేదు. హత్య చేసినందుకో, నేలమీద కల్లోలం రేపినందుకో తప్ప అన్న మినహాయింపూ పట్టలేదు. పక్కనే ముప్పై మూడో వాక్యంలో ఉన్న కఠిన శిక్షల జాబితాను బ్యానరు రాసే కుర్రాడికి ఎవరూ ఇచ్చి ఉండరు. ఉద్దేశం మంచిదే, కత్తెర మాత్రం అదే.

తొమ్మిదో సూరాలోనే ఇరవై తొమ్మిదో వాక్యం, గ్రంథప్రజలు, అంటే యూదులూ క్రైస్తవులూ, ముస్లిమేతరుల మీద వేసే జిజియా పన్ను చెల్లించేదాకా పోరాడమన్నది, వచ్చేసరికి ఇదే వేదికమీద నీళ్లు నమలడం మొదలవుతుంది. బైజాంటియన్ల మీదికి సాగిన తబూక్ దండయాత్రే దీని సందర్భమని చాలామంది వ్యాఖ్యాతలు చెప్పారు, నిజమే. అయితే సందర్భం చెప్పినంతలో చిక్కు విడిపోదు. మధ్యయుగాల న్యాయవేత్తలు దీని ఆధారంగా రాజ్యవిస్తరణకు చట్టాలే కట్టారు. తర్వాత వచ్చిన వాక్యం ముందుదాన్ని రద్దు చేస్తుందన్న సూత్రం పట్టుకుని, ఓర్పు, క్షమ బోధించే వాక్యాలు వందకు పైగా ఆ ఐదో వాక్యంతో రద్దయిపోయాయని లెక్కగట్టినవారూ ఉన్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఢిల్లీకి చెందిన ఇస్లామిక్ పండితుడు షా వలీవుల్లా కూర్చుని తరచి చూసి, ఖుర్‌ఆన్ మొత్తం మీద రద్దయినవి అయిదే అని తేల్చాడు. ఇలాంటి మనిషిని నేడు ఏ చర్చా కార్యక్రమానికీ పిలవరు. ఆయన తరచడం ముగించేలోపు ప్రకటనల వేళ అవుతుంది.

మనకు ఈ విద్య కొత్తదేమీ కాదు. ‘అశ్వత్థామా హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా అన్న ధర్మరాజు దీనికి ఆద్యుడు. ఆయనకు కనీసం గొంతు తగ్గించాలన్న సిగ్గు ఉండేది.

ఈ శాస్త్రానికి న్యాయస్థానంలో ధర కూడా ఖరారైంది. ఉత్తరప్రదేశ్ షియా వక్ఫ్ బోర్డు మాజీ అధ్యక్షుడు వసీం రిజ్వీ, ఖుర్‌ఆన్ నుంచి 26 వాక్యాలను తొలగించాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో కోర్టు ఆ పిటిషన్ పసలేనిదని కొట్టేసి, 50,000 రూపాయలు జరిమానా వేసింది. వాక్యానికి సుమారు 1,923 రూపాయలు పడినట్టు. అదీ పూర్తి వాక్యానికి. సగం వాక్యాలకు 961 రూపాయల 50 పైసల చొప్పున వసూలు చేస్తే, ఉదయం ఏడు గంటల సందేశాల మీదనే ఖజానాకు ఎంత జమ అవుతుందో ఆర్థిక శాఖవారు ఒకసారి లెక్క చూడాలని మనవి.