అరవై శాతం మంది ఐపీ పెట్టారా? ఎన్బీఏ కుర్రాళ్ల మీద తిరుగుతున్న ఫార్వర్డ్‌కు జవాబు

డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు పోయిన వారం ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పంపాడు. కింద "చూశావా?" అని ఒక్క మాట. వాళ్లబ్బాయి తొమ్మిదో తరగతి. స్కూల్ టీమ్‌లో బాస్కెట్‌బాల్ బాగా ఆడుతున్నాడు, చదువు మాత్రం అంతంతమాత్రం. కాబట్టి అన్నయ్య దిగులు నాకు అర్థమైంది. రెండు రోజులు తిరక్కుండానే అదే ఫార్వర్డ్ ఇంకో రెండు గ్రూపుల్లో కనిపించింది.

అందులో ఉన్నది ఇదీ. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్బీఏ ఆటగాళ్లలో 60 శాతం మంది రిటైరైన అయిదేళ్లలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా అయిపోతారట. కాలేజీ ఎగ్గొట్టి పద్దెనిమిదేళ్లకే ప్రొఫెషనల్ అయిపోవడమే దానికి కారణమట. లెబ్రాన్ జేమ్స్ లాంటి ఒకరిద్దరిని తీసేస్తే తొందరపడినవాళ్లంతా దివాలా తీసినవాళ్లేనట. వచ్చిన కోట్లన్నీ కార్లకూ నగలకూ తగలేశారట. అందుకని పిల్లల్ని నాలుగేళ్లూ కాలేజీలోనే ఉంచాలి, డబ్బు ఎవరైనా నమ్మకస్తుడి చేతిలో పెట్టాలి. చివర్లో కూర్చుని తింటే కొండలు కరుగుతాయన్న సామెత, దాని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

సామెతతో నాకు పేచీ లేదు. మిగతావి ఒక్కొక్కటే చూద్దాం.

"60 శాతం మంది అయిదేళ్లలో దివాలా."

ఈ అంకె లోకమంతా పాకింది 2009 మార్చిలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద కథనంతో. అక్కడ కూడా దాన్ని ఒక అంచనాగానే రాశారు. ఎంతమందిని లెక్కపెట్టారు, "చేతిలో డబ్బు లేకపోవడం" అంటే కోర్టులో ఐపీ పెట్టడమా, అప్పుల్లో ఉండటమా, బంగళా అమ్ముకుని చిన్న ఇంట్లోకి మారడమా అన్నది అందులో తేలదు. చేతులు మారేకొద్దీ "అంచనా" అన్న మాట రాలిపోయి అంకె ఒక్కటే మిగిలింది.

కోర్టు రికార్డులు పట్టుకుని లెక్కగట్టిన పని ఒకటుంది. అది అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ మీద. 1996 నుంచి 2003 దాకా డ్రాఫ్టులో, అంటే టీమ్‌లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ఎంపికైనవాళ్లను తీసుకుని నలుగురు ఆర్థికవేత్తలు 2015లో ఫలితం చెప్పారు: రిటైరైన 12 ఏళ్లలో ఐపీ పెట్టినవాళ్లు దాదాపు 16 శాతం. ఆట వేరు, లీగు వేరు, కాబట్టి దీన్ని తెచ్చి ఎన్బీఏకు అతికించను. పైగా 16 శాతం చిన్న సంఖ్యేమీ కాదు, అన్ని లక్షల డాలర్లు చూసినవాళ్లలో ఆరుగురికి ఒకరంటే భయపడాల్సిందే. కానీ అదే 2009 కథనం ఎన్ఎఫ్ఎల్ గురించి ఏం చెప్పిందో తెలుసా? రెండేళ్లలోనే 78 శాతం మంది దివాలా తీస్తున్నారు లేదా ఆర్థిక ఇబ్బందుల్లో పడుతున్నారని. "ఇబ్బంది" అన్న ఆ ఒక్క మాటలో ఎంతమందినైనా కూరవచ్చు.

ఇక్కడే ఫార్వర్డ్ రాసినాయన తన కాళ్ల కింద నేల తానే తవ్వుకున్నాడు. ఎన్ఎఫ్ఎల్‌లో హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడవనిదే ఎవర్నీ తీసుకోరు. అంటే అక్కడికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ కాలేజీలో ఆడి వచ్చినవాళ్లే. కాలేజీ చూడని కుర్రాళ్లను తీసుకున్న ఎన్బీఏకు 60, కాలేజీ దాటనిదే గడప తొక్కనివ్వని ఎన్ఎఫ్ఎల్‌కు 78! అంకెలు రెండూ ఒకే కథనంలోవి. తొందరగా ప్రొఫెషనల్ అవడమే దివాలాకు కారణమైతే ఈ రెండూ తారుమారుగా ఉండాలి కదా.

"కాలేజీ ఎగ్గొట్టినందుకే చెడ్డారు."

దివాలా తీసినవాళ్ల పేర్లు తీసి చూద్దాం. ఆంటోయిన్ వాకర్ 10 కోట్ల డాలర్ల పైన సంపాదించి 2010లో ఐపీ పెట్టాడు. కెంటకీ యూనివర్సిటీలో రెండేళ్లు ఉండి, 1996లో ఛాంపియన్‌షిప్ కూడా గెలిచి వచ్చినవాడు. అదే 2010లో ఐపీ పెట్టిన డెరిక్ కోల్‌మన్ సిరక్యూస్‌లో నాలుగేళ్లూ చదివాడు. విన్ బేకర్ హార్ట్‌ఫర్డ్‌లో నాలుగేళ్లు. 9 కోట్ల డాలర్లకు పైగా సంపాదించి, చివరికి రోడ్ ఐలండ్‌లో ఒక స్టార్‌బక్స్‌లో పనిచేశాడు. మద్యం తనను ఎలా ముంచిందో ఆయనే బయటికి చెప్పుకున్నాడు. 2005లో ఐపీ పెట్టిన కెన్నీ ఆండర్సన్ జార్జియా టెక్‌లో రెండేళ్లు ఉన్నాడు. లాట్రెల్ స్ప్రీవెల్ కూడా కాలేజీ ఆడి వచ్చినవాడే. మూడేళ్లకు 2 కోట్ల 10 లక్షల డాలర్లు ఇస్తామంటే, ఇల్లు గడవాలి కదా అని కాదన్నాడు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. ఆ సీజన్ తర్వాత మళ్లీ ఎన్బీఏలో ఆడనేలేదు. దీన్ని కుర్రతనం ఖాతాలో రాయమంటారా?

నేరుగా హైస్కూల్ నుంచి వచ్చి డబ్బు చిక్కుల్లో పడ్డవాళ్లూ ఉన్నారు, దాచను. 2001 డ్రాఫ్టులో నాలుగో నంబరుగా వెళ్లిన ఎడ్డీ కర్రీ 85 శాతం వడ్డీకి అప్పు చేశాడు. మన ఊళ్లో అధిక వడ్డీకి అప్పిచ్చేవాడు కూడా ఆ రేటు చెప్పడానికి కాస్త సిగ్గుపడతాడు. కానీ దివాలా అనగానే అందరూ చెప్పే పేర్లలో ఎక్కువ భాగం కాలేజీ గేటు లోంచి వచ్చినవే.

"ఒకరిద్దరు తప్ప తొందరపడినవాళ్లంతా చెడ్డారు."

ఇది వేళ్ల మీద లెక్కపెట్టి తేల్చుకోగల సంగతి. 1995లో కెవిన్ గార్నెట్‌తో హైస్కూల్ నుంచి నేరుగా రావడం మళ్లీ మొదలైంది. 19 ఏళ్ల నిబంధన పెట్టి 2005 డ్రాఫ్ట్ తర్వాత ఆపేశారు. ఆ పదకొండు డ్రాఫ్టుల్లో అలా ఎంపికైనవాళ్లు 39 మంది. అందులో ముగ్గురు, అంటే గార్నెట్, కోబీ బ్రయంట్, లెబ్రాన్, లీగులో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే ఎంవీపీ అవార్డు గెలిచారు. ట్రేసీ మెక్‌గ్రేడీ, జెర్మెయిన్ ఒనీల్, డ్వైట్ హొవార్డ్, అమారె స్టౌడమైర్ సంగతి చెప్పక్కర్లేదు. నాకు అంతకంటే కింది వరస వాళ్లు ముఖ్యం. రషార్డ్ లూయిస్ 1998లో 32వ పేరుగా పిలిచేదాకా డ్రాఫ్ట్ హాల్లో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. 2007లో ఆరేళ్లకు దాదాపు 12 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ మీద సంతకం చేశాడు. అమిర్ జాన్సన్ 2005లో 56వ వాడు, హైస్కూల్ తరం మొత్తానికీ డ్రాఫ్టులో చివరి పేరు. పద్నాలుగు సీజన్లు ఆడాడు. ఇంటర్నెట్‌లో అందరూ వెక్కిరించే క్వామీ బ్రౌన్ కూడా పన్నెండు సీజన్లు ఆడి 6 కోట్ల డాలర్ల పైన సంపాదించాడు. ఇలా "ఫెయిలవడానికి" మా వీధిలో చాలామంది సిద్ధంగా ఉన్నారు.

నిజంగా నష్టపోయినవాళ్లు ఈ ఫార్వర్డ్‌లో లేనేలేరు. మూడే మ్యాచ్‌లు ఆడి బయటికొచ్చిన కోర్లియోన్ యంగ్, 1996లో పేరిచ్చి ఎవరూ ఎంచుకోక మిగిలిపోయిన తాజ్ మెక్‌డేవిడ్, 2002లో అలాగే అయిన లెనీ కుక్. పేరిచ్చి డ్రాఫ్టు దాకా నిలబడితే కాలేజీ ఆట తలుపు మూసుకుపోయే రోజులవి. వీళ్లు కోట్లు పోగొట్టుకోలేదు, కోట్ల మొహమే చూడలేదు. ఇప్పుడైతే పేరిచ్చి, టీమ్‌ల ముందు ఆడి చూపించి, గడువులోగా వెనక్కి తీసుకోవచ్చు. అన్నయ్య భయపడాల్సింది ఉంటే ఆ గడువు తేదీ గురించి భయపడాలి.

ఇక ఆగడం వల్ల పోయేదేమిటో ఫార్వర్డ్ ఒక్క ముక్క రాయలేదు. మొదటి రౌండులో వచ్చినవాడికి మొదటి నాలుగేళ్ల జీతం ఒక పట్టిక ప్రకారం ఉంటుంది. అసలు డబ్బు రెండో కాంట్రాక్టులో. పద్దెనిమిదికి వస్తే అది ఇరవై రెండుకు, ఇరవై రెండుకు వస్తే ఇరవై ఆరుకు. మోకాళ్లు అప్పటిదాకా ఆగుతాయని ఎవరూ రాసివ్వరు. షాన్ లివింగ్‌స్టన్ డ్యూక్ యూనివర్సిటీకి మాటిచ్చి కూడా 2004లో నేరుగా వచ్చాడు, నాలుగో నంబరు. 2007 ఫిబ్రవరిలో ఆయన మోకాలు విరిగిన తీరు చూడలేక నేను వీడియో మధ్యలో ఆపేశాను. కాలు తీసేయాల్సి వస్తుందేమోనన్నంత పని అయింది. డ్యూక్‌కే వెళ్లి ఉంటే ఆ ఫిబ్రవరికి మూడో ఏడు నడుస్తుండేది, అప్పటికి పైసా చేతికి రాదు. ఎన్బీఏలో ఉన్నాడు కాబట్టి రెండున్నరేళ్లుగా జీతం అందుతోంది. మళ్లీ నడక నేర్చుకుని వచ్చి గోల్డెన్ స్టేట్ టీమ్‌తో మూడు టైటిళ్లు గెలిచాడు.

"కోట్లు కార్లకూ నగలకూ పోయాయి."

కొంత పోయింది, కాదనను. అయితే కోటి డాలర్ల జీతం అని పేపర్లో చదివినప్పుడు ఆ కోటీ చేతికి రాదు. కాలిఫోర్నియా టీమ్‌లో ఆడే కుర్రాణ్ని తీసుకోండి. కేంద్ర పన్ను పై శ్లాబులో 37 శాతం. రాష్ట్రానిది పై శ్లాబులో 13 శాతం దాకా. ఇంకో రాష్ట్రంలో ఆడిన రోజులకు ఆ రాష్ట్రం తన వంతు లాక్కుంటుంది. 1991 ఫైనల్స్ ఆడటానికి వచ్చిన షికాగో బుల్స్ మీద కాలిఫోర్నియా పన్ను వేస్తే, ఒళ్లు మండిన షికాగో సొంత రాష్ట్రం ఇల్లినాయ్ తిరిగి వేయడంతో ఈ ముచ్చట ఊపందుకుంది. లీగు ఆదాయ వాటాల లెక్క తేలేదాకా జీతంలో 10 శాతం పక్కన పట్టి ఉంచుతారు, అందులో ఎంత తిరిగొస్తుందో ఏడాది చివర్లో గానీ తెలియదు. ఏజెంటుకు 4 శాతం దాకా. అన్నీ పోగా నలభై లక్షల దరిదాపు మిగిలితే అదృష్టం. కుర్రాడూ వాళ్ల చుట్టాలూ ఖర్చు వేసుకునేది మాత్రం కోటి మీద.

ఇంత చెప్పినా పెద్ద పతనాలు కార్ల వల్ల రాలేదు. కారు అమ్మితే సగమైనా వస్తుంది. వాకర్‌ను ముంచింది షికాగోలో ఇళ్ల వ్యాపారం. పాత ఇళ్లు కొని బాగుచేసి అద్దెకిచ్చే కంపెనీ పెట్టి, బ్యాంకు అప్పులకు తానే షూరిటీ సంతకాలు చేశాడు. 2008లో ఇళ్ల ధరలు కూలాక బ్యాంకులు నేరుగా ఆయన మీదికి వచ్చాయి. కోల్‌మన్‌దీ దగ్గర దగ్గర అదే కథ, సొంత ఊరు డెట్రాయిట్‌ను బాగుచేద్దామని పెట్టిన పెట్టుబడులు. బావమరిది చిట్టీకి షూరిటీ ఉండి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లలో ఎవరినీ పద్దెనిమిదేళ్లకే ఉద్యోగంలో చేరినందుకు ఇలా అయ్యావని మనం అనలేదు. ఆ ఎన్ఎఫ్ఎల్ లెక్కలోనూ తేలింది ఇదే మాదిరి: ఎక్కువ సంపాదించినవాళ్లకూ, ఎక్కువ కాలం ఆడినవాళ్లకూ ఐపీ ముప్పు పెద్దగా తగ్గలేదు.

"డబ్బు నమ్మకస్తుడి చేతిలో పెట్టాలి."

ఫార్వర్డ్ మొత్తంలో ప్రమాదకరమైన వాక్యం ఇదొక్కటే. టిమ్ డంకన్ వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్లూ పూర్తిచేసి సైకాలజీ పట్టాతో వచ్చాడు. కాలేజీ వదలనని అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషి. ఆడంబరం లేదు, అల్లరి లేదు, ఫార్వర్డ్‌కు కావలసిన బుద్ధిమంతుడు అచ్చం ఆయనే. ఏళ్ల తరబడి నమ్మిన ఆర్థిక సలహాదారు చార్ల్స్ బ్యాంక్స్ వల్ల 2 కోట్ల డాలర్లకు పైగా పోయిందని ఆయన ఫిర్యాదు. బ్యాంక్స్ నేరం ఒప్పుకున్నాడు, 2017లో నాలుగేళ్ల జైలు పడింది. గార్నెట్ కూడా తన అకౌంటెంట్ మీద 2018లో కోర్టుకెక్కాడు, 7 కోట్ల 70 లక్షల డాలర్లు పోయాయని. ఒకరు కాలేజీ, ఒకరు హైస్కూల్. ఇద్దరూ చేసిన పని ఒక్కటే, నమ్మినవాళ్లకు కాగితాలు వదిలేశారు. బ్యాంకు స్టేట్‌మెంట్ నేరుగా కుర్రాడికే రావాలి. పెట్టుబడి చెప్పేవాడూ లెక్క చూసేవాడూ వేర్వేరు మనుషులై ఉండాలి. ఈ రెండిటికీ డిగ్రీ అవసరం లేదు.

"నాలుగేళ్లు కాలేజీలో ఉంటే క్షేమం."

ఈ మాట పదేళ్ల కింద చెప్పి ఉంటే కొంత వాదించేవాణ్ని. ఇప్పుడు వాదనకే చోటు లేదు, కాలేజీయే డబ్బిచ్చే చోటైపోయింది. 2021 జూలై నుంచి విద్యార్థి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకోవచ్చు. 2025 జూలై నుంచి యూనివర్సిటీలే తమ ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి 2 కోట్ల డాలర్ల పైచిలుకు నేరుగా పంచవచ్చు. కాలేజీకి ప్రత్యామ్నాయంగా కుర్రాళ్లకు జీతమిచ్చి ఆడించిన జీ లీగ్ (ఎన్బీఏ కింది స్థాయి లీగు) ఇగ్నైట్ టీమ్ 2024లో మూతపడటానికి ఇదే పెద్ద కారణం.

ఎన్బీఏలోకి వచ్చిన కుర్రాడికి ఆటగాళ్ల సంఘం ఉంది. ఏజెంటుకు సంఘం లైసెన్సు, కమిషన్‌కు పైపరిమితి ఉన్నాయి. 1986 నుంచి రూకీలను, అంటే కొత్తగా వచ్చిన ఆటగాళ్లను, కూర్చోబెట్టి డబ్బు గురించి చెప్పే శిబిరం ఉంది. మూడు సీజన్లు ఆడితే పెన్షన్‌కు అర్హత వస్తుంది. పన్ను జీతంలోనే కోసుకుంటారు. కాలేజీ కుర్రాడికి ఇందులో ఏ ఒక్కటీ ఇలా లేదు. పేరు అమ్ముకున్న డబ్బు మొత్తం చేతికొస్తుంది, పన్ను పట్టకుండా.

ఇదంతా కుదించి అన్నయ్యకు పంపాను. చాలాసేపు టిక్కులు నీలం కాలేదు. రాత్రి ఎప్పుడో ఒక ప్రశ్న వచ్చింది, "మరి ఆ పన్ను ఎవరు కట్టాలిరా?"

"వాడే, అన్నయ్యా. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి. నాలుగు విడతలు."