రాజు సవరించుకున్న ఉత్తర్వు

శాతవాహనులు ఆంధ్రులా, మహారాష్ట్రులా అన్న పాత తగాదా తలెత్తినప్పుడల్లా ఒకరు తెలంగాణలోని కోటిలింగాల నాణేలను, మరొకరు మహారాష్ట్రలోని నానేఘాట్ శాసనాన్ని ముందుకు తెస్తారు. గౌతమీపుత్ర శాతకర్ణి పేరు వినగానే మనకు మూడు సముద్రాల నీరు తాగిన గుర్రాలే గుర్తుకొస్తాయి. ఆ పొగడ్తను ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ, మనుమడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో నాసిక్ గుహలో చెక్కించింది. అదే గుహ వరండాలో, పక్క గోడ మీద, అలంకారమేమీ లేని రెండు భూదాన ఉత్తర్వులున్నాయి. ఆ రాజ్యం ఎలా నడిచిందో చెప్పేవి అవే.

గౌతమీపుత్రుడు తన 18వ పాలనా సంవత్సరంలో యుద్ధ శిబిరం నుంచే, నాసిక్ ప్రాంతమైన గోవర్ధనంలోని అమాత్యుడు విష్ణుపాలితుడికి ఆజ్ఞ పంపి, అంతవరకు క్షహరాత రాజు నహపాణుడి అల్లుడు ఋషభదత్తుడి చేతిలో ఉన్న, కఖడి గ్రామంలోని 200 నివర్తనాల (నివర్తనం అప్పటి భూమి కొలత) పొలాన్ని గుహలోని భిక్షువులకు ఇప్పించాడు. 24వ ఏట మరో ఆజ్ఞ వెలువడింది. ఈసారి రాజుతోపాటు రాజమాత కూడా ఆజ్ఞాపించింది. అందుకున్న అమాత్యుడు శ్యామకుడు. మేమిచ్చిన కఖడి పొలం దున్నడం లేదు, ఆ ఊళ్లో జనం లేరు, కాబట్టి నగరం పొలిమేరలో ఉన్న మా సొంత భూమిలో 100 నివర్తనాలు ఇస్తున్నాం అన్నది దాని సారాంశం. ఆ భూమిలో రాజోద్యోగులు అడుగుపెట్టరాదని, ఉప్పు కోసం తవ్వరాదని కూడా అందులో ఉంది.

ఊరు ఎందుకు ఖాళీ అయిందో శాసనం చెప్పదు. అయితే అది శాతవాహనులు, శకుల్లో ఒక వంశమైన క్షహరాతులు పోరాడిన నేల. శక యవన పహ్లవులను మట్టుబెట్టాడని ప్రశస్తి పొగిడిన రాజే, తన దానం అక్కరకు రాలేదని, అందుకు కారణమేమిటో కూడా తన ఆజ్ఞలోనే చెప్పాడు. విస్తీర్ణం సగానికి తగ్గిన మాట నిజమే. కానీ సాగుకు రాని 200 కంటే ఊరి పక్కన ఉన్న 100 మేలు.

ఇది రాజు నిజాయితీ కాదు, భిక్షువులు తమ హక్కు పత్రాన్ని రాతి మీదికి ఎక్కించుకున్నారంతే అనవచ్చు. అంగీకరిస్తాను. దానం పొందినవాడు పాత ఉత్తర్వునూ సవరణనూ నలుగురి కంటా పడేలా పక్కపక్కనే నిలపగలగడమే పౌరజీవితంలో అసలు బలం.

మన దగ్గర పేదల చేతికి అసైన్డ్ పట్టా వస్తుంది, భూమి మాత్రం గుట్ట మీదో, చెరువు శిఖంలోనో తేలుతుంది. ఇచ్చింది సాగుకు పనికిరాదని, బదులుగా ఫలానా సర్వే నంబరు ఇస్తున్నామని రాసిన ఉత్తర్వు ఎంతమంది చూసి ఉంటారు? 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టడమే మానేసింది. 2024లో గానీ ఆ పద్ధతి తిరిగి మొదలుకాలేదు. జీవో బయట పెడితే సరిపోదు. పాతది ఎందుకు విఫలమైందో కొత్త జీవోలో ఒక్క వాక్యమైనా రాయాలని చట్టమే చెప్పాలి.